నాన్న కాగితాల ఫైలు తెరవలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఫ్యాక్టరీలో పనిచేస్తుండగానే మా నాన్న ఎనిమిది నెలల క్రితం గుండెపోటుతో పోయారు. పీఎఫ్, అమ్మకు రావలసిన పెన్షన్, రెండు బ్యాంకు ఖాతాలు... అన్నిటి కాగితాలూ ఒక ఫైల్లో పెట్టి బీరువాలో ఉంచాను. ప్రతి ఆదివారం తీద్దామనుకుంటాను, ఫోన్ చూస్తూ ఉండగానే సాయంత్రమైపోతుంది. ఆఫీసు పని మాత్రం ఎప్పుడూ ఆగలేదు. సంగారెడ్డిలో ఉన్న అమ్మ ఏమీ అడగదు. నా భార్య ‘ఇంత బద్ధకమా’ అంటోంది. మళ్లీ ఆసక్తి ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: ఆఫీసులో పని ఆగనివ్వని మనిషికి బద్ధకమనే మాట అతకదు. ఆ ఫైలు తెరిస్తే డెత్ సర్టిఫికెట్ కనబడుతుంది, దాని మీద నాన్న పేరు చదవాలి. ఆ క్షణాన్ని తప్పించుకోవడానికే మీ చెయ్యి ఫోన్ మీదికి పోతోంది. తప్పించుకోగానే కాస్త తెరిపిగా ఉంటుంది. అలవాటును ముదరబెట్టేది ఆ తెరిపే. రాత్రికి ‘ఈ వారం కూడా చేయలేదు’ అన్న బాధ మొదలవుతుంది, వచ్చే ఆదివారానికి ఫైలు ఇంకా బరువెక్కుతుంది. వాయిదా వేయడం మీద ఏళ్ల తరబడి పనిచేసిన టిమోతీ పిచిల్, ఫ్యూషియా సిరోయిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా దీని మూలం టైము చాలకపోవడంలో కన్నా, ఆ పని రేపే బాధను దాటలేకపోవడంలో ఉందంటారు. కొత్త డైరీలు, అలారాలు మీకు అక్కరకు రానిది అందుకే.

ఆసక్తి కోసం ఎదురుచూడకండి. ఇలాంటి పని మీద ఎవరికీ ఆసక్తి పుట్టదు, పుట్టనక్కర్లేదు కూడా.

మీ భయం కాస్త తగ్గించే మాట ఒకటి. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) కింద భార్యకు వచ్చే పెన్షన్‌ను సభ్యుడు మరణించిన మరుసటి రోజు నుంచే లెక్కగడతారు. అంటే ఈ ఎనిమిది నెలల డబ్బు పోలేదు. సర్వీసులో ఉండగా పోయారు కాబట్టి పీఎఫ్ సభ్యులకు ఉండే ఈడీఎల్ఐ అనే జీవిత బీమా కూడా అడగవచ్చు, దాని గరిష్ఠ పరిమితి 7 లక్షలు. పీఎఫ్, పెన్షన్, బీమా మూడింటికీ కలిపి ఒకే ఫారం ఉంది. మరణం సందర్భంలో వాడే కాంపోజిట్ క్లెయిమ్ ఫారం అని అడగండి.

ఇక చేయాల్సింది. శనివారం రాత్రే ఫైలును బీరువాలోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి, తెరవకండి. ఆదివారం టిఫిన్ అవగానే ఫోన్ వేరే గదిలో పెట్టి, 20 నిమిషాలకు టైమర్ పెట్టుకుని కూర్చోండి. ఆ రోజు పని ఏయే కాగితాలున్నాయో ఒక తెల్లకాగితం మీద రాయడమే. ఫారాలు నింపొద్దు, ఎవరికీ ఫోన్ చేయొద్దు. టైమర్ మోగాక, ఊపులో ఉన్నా సరే, ఆపేయండి. మొదటి రోజే మూడు గంటలు కూర్చుని అలసిపోయినవాళ్లు రెండో వారం ఫైలు జోలికి పోరు.

‘తీరిక దొరికితే చేస్తా’ అనుకోవడం కన్నా ‘టిఫిన్ అవగానే ఈ బల్ల దగ్గర ఇది చేస్తా’ అని ముందే కట్టుకున్న మాట ఎక్కువగా నిలబడుతుందని పీటర్ గోల్విట్జర్ 1999లో రాశారు. తడబాటుకూ అలాంటి మాటే ఒకటి ఉంచుకోండి: ‘ఏడుపొస్తే లేచి మంచినీళ్లు తాగి వచ్చి, ఇంకొక్క కాగితం చూసి మూసేస్తాను.’

రెండో ఆదివారం పేర్లు సరిచూడండి. మన దగ్గర క్లెయిములు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పీఎఫ్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో ఇంకో స్పెల్లింగుతో ఉంటుంది. నాన్న పేరు, పుట్టినతేదీ మూడు చోట్లా ఎలా ఉన్నాయో పక్కపక్కన రాయండి. తేడా ఉంటే ముందు ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌ను కలిసి సవరణ సంగతి తేల్చుకోండి, ఆ తర్వాతే క్లెయిమ్. బ్యాంకుల్లో అమ్మే నామినీ అయితే పని తేలిక: వాళ్ల క్లెయిమ్ ఫారం, డెత్ సర్టిఫికెట్, అమ్మ గుర్తింపు కార్డు. నామినీ లేకపోతే బ్యాంకువాళ్లు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగొచ్చు. దానికి మీసేవలో దరఖాస్తు పెట్టాక తహసీల్దార్ ఆఫీసు విచారణ ఉంటుంది కాబట్టి ఆ సంగతి ముందే కనుక్కోండి.

మీ ఆవిడతో ‘నువ్వేం చేయక్కర్లేదు, 20 నిమిషాలు పక్కన కూర్చో’ అనండి. బద్ధకమని దెప్పేవాళ్లలో చాలామందికి లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పి ఉండరు. బ్యాంకుకు అమ్మతో ఆమె వెళ్లినా తప్పేం లేదు. ఇవన్నీ కొడుకే చేయాలని ఎక్కడా రాసిలేదు.

నిద్ర, ఆకలి తగ్గి, ఏ పని మీదా మనసు నిలవక, అలా రెండు వారాలు దాటితే మాత్రం సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

అమ్మ అడగడం లేదంటే మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక కావచ్చు. కానీ భార్యగా పెన్షన్ అడగాల్సింది ఆవిడే, సంతకం ఆవిడదే, డబ్బు పడేదీ ఆవిడ ఖాతాలోనే. ఈ శనివారమే ఫోన్ చేసి ఆధార్, పాస్‌బుక్ ఎక్కడున్నాయో అడగండి. రెండింటిలోనూ తన పేరు ఒకేలా ఉందో లేదో కూడా చూడమనండి.