బొటనవేలి గోరంత దూరం

ప్రశ్న: మేడమ్, మా వాడికి పదహారేళ్లు. తాతగారి బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చుకున్నాడు, ఇప్పుడు 50 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలకు వెళ్తున్నాడు. మొన్న సెకనులో వందో వంతు తేడాతో నాలుగో స్థానంలో నిలిచాడు. అప్పటి నుంచి కొలను ముఖం చూడటం లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు వాడికి వీర్‌ధవల్ ఖాడే సంగతి చెప్పండి. కొల్హాపూర్ పిల్లాడు. పదిహేడు నిండకముందే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 50, 100, 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదాడు. 2010 ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. 1986లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఆసియా క్రీడల ఈతలో మనకు పతకం రావడం అప్పుడే. ఆ తర్వాత మహారాష్ట్రలో తహసీల్దారు ఉద్యోగం. ఆ పనిలో పడితే ప్రాక్టీసుకు టైమెక్కడిది?

అయినా మళ్లీ నీళ్లలోకి దిగాడు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్స్‌ను (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పోటీని) 22.43 సెకన్లలో పూర్తి చేశాడు, అది జాతీయ రికార్డు. ఫైనల్లో 22.47. కాంస్యం గెలిచిన జపాన్ ఈతగాడిది 22.46. హీట్స్‌లో ఈదినట్టు ఈదినా పతకం ఇతనిదే! ఆ వేగంలో వందో వంతు సెకను అంటే రెండు సెంటీమీటర్ల పైచిలుకు, బొటనవేలి గోరంత. ఆ లెక్క కట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతను మాత్రం ఇంకో ఐదేళ్లు పోటీల్లో ఉన్నాడు.

ఇక మీ వాడి విషయం. బావి అన్నారు కాబట్టి నాకొక అనుమానం. నేనూ పుత్తూరు దగ్గర మా తాత బావిలోనే నేర్చుకున్నాను. మెట్లు ఎక్కడున్నాయో చూసుకోవాలని బావిలో తల ఎత్తి ఈదుతాం. ఆ అలవాటు పోటీలో చివర్లో బయటపడుతుంది. గోడ ఎంత దూరముందో చూద్దామని తల లేస్తుంది, వెంటనే నడుము కిందికి దిగుతుంది, వేగం చచ్చిపోతుంది. నాకు ఒక పతకం అలాగే పోయింది.

గోడను చూడాల్సిన పనే లేదు. చివరి 5 మీటర్లలో లేన్లను వేరుచేసే తాడు మీది బిళ్లల రంగు మారుతుంది. అది పక్క చూపుకే తెలుస్తుంది. అక్కడి నుంచి ఊపిరి తీసుకోకూడదు. అడుగున నల్లగీత గోడకు 2 మీటర్ల ముందు అడ్డగీతతో ఆగిపోతుంది. అది కనిపించాక తల దించే ఉంచి, భుజం చాచి, వేళ్ల కొసలతో గోడను అందుకోవాలి. కాళ్లు మాత్రం గోడ తగిలేదాకా ఆగకూడదు.

రోజూ ప్రాక్టీసు చివర్లో పది మీటర్ల నుంచి పదిసార్లు ఇదొక్కటే చేయించండి. కొలనుకు రానని మొండికేస్తే ఒకసారి తిరుపతి తీసుకురండి. గోడ దగ్గర కూర్చుని నేనే చూస్తాను.