సెల్టిక్స్ జట్టును చెదరగొట్టింది పిసినారితనమా, నిబంధనా?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2024 విజేతగా నిలిచిన బోస్టన్ సెల్టిక్స్, మరుసటి వేసవికల్లా జ్రూ హాలిడే, క్రిస్టాప్స్ పోర్జింగిస్, ల్యూక్ కోర్నెట్, అల్ హోర్‌ఫర్డ్‌లను పోగొట్టుకుంది. సాయంత్రాలు మాతో కలిసి బాస్కెట్‌బాల్ ఆడే మిత్రుల్లో సగం మంది ఇది యాజమాన్యం పిసినారితనమని, మిగతావారు తెలివైన పని అని వాదించుకుంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: పిసినారితనం అనేవారు ముందు లెక్క చూడాలి. 2025-26లో జట్టు ప్రధాన ఆటగాళ్లు జేసన్ టేటమ్, జేలెన్ బ్రౌన్‌ల వేతనాలు కలిపితేనే 10.7 కోట్ల డాలర్లు దాటతాయి. ఆ సీజన్‌కు లీగ్ నిర్ణయించిన వేతన పరిమితి 15.46 కోట్లు కాగా, మీ మిత్రుల వాదనల్లో తప్పక వినిపించే ‘సెకండ్ ఏప్రన్’ గీత, అంటే జట్టు మొత్తం జీతాలు దాటితే కఠిన ఆంక్షలు పడే హద్దు, 20.78 కోట్ల దగ్గర ఉంది. పాత జట్టునే కొనసాగిస్తే జీతాలు, అవి హద్దు మీరినందుకు లీగ్‌కు కట్టాల్సిన లగ్జరీ ట్యాక్స్ కలిసి 50 కోట్ల డాలర్లకు చేరతాయని అప్పట్లో అంచనాలు వెలువడ్డాయి.

అయితే అసలు భయం పన్ను కాదు. లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన 2023 నాటి ఒప్పందం ప్రకారం సెకండ్ ఏప్రన్ దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలను జోడించి ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోకూడదు, ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) ఇచ్చినదానికంటే ఎక్కువ జీతాన్ని తీసుకోకూడదు, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌ను (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతును) ఎవరికీ ఇవ్వకూడదు. తర్వాతి నాలుగేళ్లలో మరో రెండుసార్లు గీత దాటితే ఆ పిక్ రౌండ్ చివరికి జారిపోతుంది. డబ్బున్న యజమాని పన్ను కట్టగలడు గానీ, కట్టేసిన చేతులతో జట్టును మార్చుకోలేడు. దానికి తోడు 2025 మేలో న్యూయార్క్ నిక్స్‌తో జరిగిన ప్లేఆఫ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో టేటమ్‌కు అకిలీస్ స్నాయువు తెగింది. ప్రధాన ఆటగాడు మంచం పట్టిన ఏడాది కోసం ఇంత శిక్షను నెత్తిన పెట్టుకోవడంలో అర్థం లేదు.

కాబట్టి 35 ఏళ్ల హాలిడేను పోర్ట్‌లాండ్‌కు పంపి, అంతకంటే తక్కువ జీతం, అదీ ఒక్క ఏడాదే మిగిలి ఉన్న ఆన్ఫర్నీ సైమన్స్‌ను తెచ్చుకోవడం, పోర్జింగిస్‌ను అట్లాంటాకు ఇవ్వడం తప్పనిసరి పనులే. గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిన హోర్‌ఫర్డ్‌కు అప్పటికే 39 ఏళ్లు; ఆయన విషయంలోనూ నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నన్ను అడిగితే మీ మిత్రులు పోట్లాడుకోవలసింది కోర్నెట్ గురించి. అదే సిరీస్‌లో టేటమ్ లేకుండా ఆడిన ఐదో మ్యాచ్‌లో 10 పాయింట్లు, 9 రీబౌండ్లు, 7 బ్లాక్‌లతో బోస్టన్‌ను నిలబెట్టింది అతడే. శాన్ ఆంటోనియో అతనికి నాలుగేళ్లకు ఇచ్చింది సుమారు 4.1 కోట్ల డాలర్లు, అంటే టేటమ్ ఒక్క ఏడాది జీతం కంటే తక్కువ. ప్రధాన సెంటర్లను (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాళ్లను) ఒకే వేసవిలో పోగొట్టుకుంటున్న జట్టు, కనీసం ఇతన్నయినా నిలుపుకునే దారి వెతకాల్సింది.

ప్రశ్న: ఐపీఎల్‌లో పర్సు అయిపోతే అంతే సంగతి. ఎన్‌బీఏలో ‘పరిమితి’ అని పేరు పెట్టి, దాటనిచ్చి, మళ్లీ శిక్షించడం ఎందుకు?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: 2025 ఐపీఎల్ వేలానికి ముందు మన సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకున్నప్పుడు ఆ సొమ్ము 120 కోట్ల పర్సులోంచే పోయింది. ఎన్‌బీఏ పరిమితి అలాంటిది కాదు. తన దగ్గర ఎదిగిన ఆటగాణ్ని జీతం సరిపోక జట్టు వదులుకోకూడదన్న ఉద్దేశంతో, సొంత ఆటగాళ్లతో మళ్లీ ఒప్పందం చేసుకునేందుకు పరిమితిని దాటనిస్తారు. ఈ వెసులుబాటును సెల్టిక్స్ దిగ్గజం లారీ బర్డ్ పేరుతోనే పిలవడం, ఇప్పుడు చూస్తే, కాస్త వెక్కిరింపులాగే ఉంది. సంపన్న జట్లు దీన్ని ఆసరాగా చేసుకుని మితిమీరకుండా మొదట లగ్జరీ ట్యాక్స్, అదీ చాలక ఏప్రన్ గీతలు వచ్చాయి. కోర్నెట్‌కు జీతమిచ్చే హక్కు బోస్టన్‌కు ఉండేది. అడ్డు పడింది ఆ పై గీతే.

ప్రశ్న: 2025లో టేటమ్ గాయపడ్డాడు గనుక సెల్టిక్స్ తమ గార్డు డెరిక్ వైట్‌నూ ఇచ్చేసి డ్రాఫ్ట్ పిక్‌లు పోగేసుకోవాల్సిందని మా తమ్ముడి వాదన. నిజమేనా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: నేను ఒప్పుకోను. గాయపడేనాటికి టేటమ్ వయసు 27. అతని ఐదేళ్ల భారీ ఒప్పందం 2025-26లోనే మొదలైంది. అతను తిరిగొచ్చాక, ఒకవైపు ప్రత్యర్థి గార్డును అడ్డుకుంటూ మరోవైపు మూడు పాయింట్ల షాట్లు వేసే వైట్ లాంటివాణ్ని మళ్లీ వెతుక్కోవడం ఎంతో కష్టం. పిక్‌లు చేతికొచ్చినా, వాటితో వచ్చే కుర్రాళ్లు వైట్ స్థాయికి ఎదిగేసరికి టేటమ్, బ్రౌన్‌ల మంచి ఏళ్లు గడిచిపోతాయి.