పోస్టర్ అమ్మే ముందు పెన్‌డ్రైవ్ సంగతి చూడండి

*మా అమ్మాయి ట్యాబ్‌లో బొమ్మలు వేస్తుంది. ఇన్‌స్టాలో చూసినవాళ్లు ప్రింట్లు కావాలంటున్నారు. దగ్గర్లోని షాపులో 12×18 సైజులో వేయిస్తే మసకగా, రంగులు వాడిపోయినట్టు వచ్చాయి. ఆర్డర్ రాగానే ప్రింట్ వేసి, నేరుగా కొన్నవాళ్లకే పంపే వెబ్‌సైట్లలో ఏది మంచిది? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

ఈ మధ్య ఇదే ప్రశ్న పదే పదే వస్తోంది. అందరికీ కావాల్సింది సైట్ పేరు. నేను మాత్రం పేరు చెప్పనండీ. షాపు మార్చినంత మాత్రాన మీ ఇబ్బంది తీరదు. ఆ ఫైలు షాపుకి ఎలా పంపారు? వాట్సాప్‌లో ఫొటోగానే పంపి ఉంటారు. మామూలుగా పంపిన ఫొటోను అది పొడవు వైపు సుమారు 1,600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 89 పిక్సెళ్లే పడతాయి. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు 300 ఉండాలి. అంటే ఫైలు 3,600×5,400 పిక్సెళ్లు, అంచులు కోయడానికి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనం. షాపు అబ్బాయిని తిట్టి లాభం లేదు.

‘డీపీఐ 72 ఉంటే నేనే 300 చేశాను సార్’ అనేవాళ్లు ఇంకొందరు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క. ఆ గడిలో అంకె దిద్దితే బొమ్మలో కొత్తగా ఏదీ చేరదు. పెరుగులో నీళ్లు కలిపితే గిన్నె నిండుతుంది, అంతే. ట్యాబ్‌లో బొమ్మ మొదలుపెట్టేటప్పుడే కాన్వాస్ సైజు పెద్దది పెట్టుకోమనండి. కాగితం మీద వేసిన బొమ్మైతే ఫోన్‌తో ఫొటో తీయకుండా స్కానర్‌లో 600 డీపీఐతో స్కాన్ చేయించండి. ఏ4 బొమ్మను ఏ3కి పెంచినా అప్పుడు ఢోకా ఉండదు.

ఇక రంగులు. స్క్రీన్ వెలుగుతో చూపించే రంగులన్నీ సిరాకు అందవు. ముఖ్యంగా మెరిసే నీలం కాగితం మీదకొచ్చేసరికి వంకాయ రంగుకు తిరుగుతుంది. నెమలి బొమ్మ వేసినవాళ్లందరూ ఏడ్చేది ఇక్కడే. ‘మీ ప్రింటర్‌కి, మీ పేపర్‌కి ఐసీసీ ప్రొఫైల్ ఇస్తారా?’ అని అడగండి. ఆ ప్రింటర్‌లో, ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు అది. అది ఉంటే రంగు ఎంత మారుతుందో ముందే స్క్రీన్ మీద చూసుకోవచ్చు. ‘అదేంటి?’ అని ఎదురు ప్రశ్న వస్తే అక్కడ నూట యాభై రూపాయల పోస్టర్లు వేయించుకోండి, రెండు వేలకు అమ్మే ఆర్ట్ ప్రింట్లు మాత్రం వద్దు.

ఆ రెండూ వేర్వేరు సరుకులు. పోస్టరుకు 170 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఆర్ట్ పేపర్ మీద డిజిటల్ ప్రెస్ సరిపోతుంది. ఆఫ్‌సెట్‌కి ప్లేట్లు చేయించాలి కాబట్టి వందల కాపీలు ఉంటే తప్ప గిట్టదు. గోడ మీద ఏళ్ల తరబడి ఉండాల్సిన ప్రింటుకు పిగ్మెంట్ సిరా, కాటన్ పేపర్ అడగండి. డై సిరా వెలుతురు తగిలితే త్వరగా వెలిసిపోతుంది. ఏ సిరా వాడతారో బిల్లు మీద రాయించుకోండి. నోటి మాటగా అందరూ పిగ్మెంటే అంటారు.

కొన్నవాళ్ల ఇంటికే పంపే సైట్లతో సౌకర్యం ఉన్నమాట నిజమే. స్టాకు పెట్టక్కర్లేదు, ట్యూబులు కొనక్కర్లేదు. కానీ ఒక్కో కాపీ ఖరీదు ఎక్కువ పడుతుంది, పైగా మీ పేరుతో వెళ్లే సరుకును మీరే చూడరు. అందుకే ముందు మీ అడ్రస్‌కే ఒకటి ఆర్డర్ పెట్టుకోండి. వానాకాలంలో పెడితే ఇంకా మంచిది, ప్యాకింగ్ సంగతీ తెలిసిపోతుంది. మూల నలిగి వస్తే ఆ సైట్‌కి దండం పెట్టేయండి.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది వేరే ఉంది. మొన్న ఓ షాపులో నా వంతు కోసం నిలబడి ఆ కంప్యూటర్ వైపు చూశాను. డెస్క్‌టాప్ నిండా జనం ఫైళ్లే. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ ఓకే’, ఎవరిదో ఆధార్, ఎవరిదో పెళ్లి కార్డు, పక్కనే ఎవరో ఆర్టిస్టు వేసిన దుర్గమ్మ బొమ్మ. లేయర్లతో, అంటే బొమ్మ విడివిడి పొరలతో సహా అసలు ఫైలు. బ్రౌజర్‌లో ఎవరిదో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది, మెసేజ్‌లు వచ్చి పడుతున్నాయి. ఆ మనిషి ఈపాటికి ఇంటికెళ్లి భోంచేస్తూ ఉంటాడు.

ఆ దుర్గమ్మ రేపు ఏ కీచైన్ మీద, ఏ మొబైల్ కవర్ మీద తేలుతుందో ఎవరు చెప్పగలరు? దొంగతనం కూడా అక్కర్లేదు, ‘ఇలాంటిదే ఒకటి వేసివ్వండి’ అని పక్కనున్న కస్టమర్ అడిగితే చాలు. కాబట్టి మాస్టర్ ఫైలు ఇల్లు దాటకూడదు. కావాల్సిన సైజుకు మాత్రమే, లేయర్లన్నీ కలిపేసిన పీడీఎఫ్ ఇవ్వండి. 12×18 అడిగితే అంతే ఇవ్వండి, రేపు ఆరడుగుల బ్యానర్‌కి పనికొచ్చేది ఇవ్వకండి. గూగుల్ డ్రైవ్ లింకు పంపితే ‘లింక్ ఉన్న ఎవరైనా’ అనే సెట్టింగ్‌ను ప్రింట్ చేతికి రాగానే తీసేయండి. దాన్ని అలాగే వదిలేసినవాళ్లే నాకు ఎక్కువ తెలుసు. షాపులో మీ జీమెయిల్, వాట్సాప్ లాగిన్ చేయొద్దు. ఇప్పటికే చేసి ఉంటే ఫోన్‌లో వాట్సాప్ లింక్డ్ డివైజెస్ తెరిచి, తెలియని కంప్యూటర్లన్నీ ఇప్పుడే లాగవుట్ కొట్టండి.

పెన్‌డ్రైవ్ కథ మీకు తెలిసిందే. షాపులో పెట్టి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయంటే అది వైరస్ పనే. షాపుకి తీసుకెళ్లే పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే ఉండాలి. తిరిగొచ్చాక అమ్మాయి బొమ్మలున్న సిస్టమ్‌కి పెట్టకుండా వేరే దాంట్లో ఫార్మాట్ చేయండి.

సైట్లోనైనా అంతే. షరతుల్లో మీ బొమ్మను వాళ్ల ప్రచారానికి వాడుకునే హక్కు ఎంతవరకు ఇస్తున్నారో, ఖాతా మూసేస్తే ఆ హక్కు పోతుందో లేదో చదివాకే అప్‌లోడ్ చేయండి. ఆ పేజీ చదవడం విసుగే, కాదనను.

*నెట్‌లో దొరికే రవివర్మ, బాపు బొమ్మలు ప్రింట్ వేసి అమ్మితే తప్పా?*

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రవివర్మ 1906లో పోయారు, ఆయన చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. బాపు గారు 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ‘గూగుల్‌లో దొరికింది కదా’ అనేది జవాబు కాదు.

*ఇంట్లోనే ఓ కలర్ ప్రింటర్ కొనుక్కుంటే పోలా?*

కొనుక్కోండి, కానీ నన్ను తర్వాత తిట్టుకోకండి. కార్ట్రిడ్జికి చిప్ తగిలించిన రకం ప్రింటర్లంటేనే నాకు ఒళ్లు మంట. రాత్రి నిశ్శబ్దంగా అప్‌డేట్ అవుతాయి, పొద్దున్నకి నిన్నటిదాకా పనిచేసిన బయటి కార్ట్రిడ్జి ‘గుర్తించలేదు’ అంటాయి. మనం డబ్బిచ్చి కొన్న మెషీన్‌లో ఏ సిరా పోయాలో ఇంకెవరో నిర్ణయించడమేమిటి? సెక్యూరిటీ అప్‌డేట్‌లోనే ఈ తాళం కూడా కలిపి పంపితే, జనం విసిగి అప్‌డేట్లే ఆపేస్తారు. అప్పుడు ఇంటి వైఫైలో ఏళ్ల తరబడి పాత లోపాలతో ఒక మెషీన్ కూర్చుని ఉంటుంది. తప్పు ఎవరిదో మీరే చెప్పండి. తప్పదనుకుంటే ట్యాంకులో సిరా పోసుకునే రకం చూడండి. వారానికి ఒక కలర్ పేజీ అయినా తీస్తుండండి, లేకపోతే సిరా చిమ్మే హెడ్ ఎండిపోతుంది.