బోదకాలుకు జన్యు చికిత్స ఉందా?
(ఆరోగ్య ప్రశ్నోత్తరాలు)

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్లు. ఇరవై ఏళ్లుగా ఎడమ కాలికి బోదకాలు. ఏడాదికి మూడు నాలుగుసార్లు చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రగా కమిలి వారం రోజులు మంచం దిగలేరు. పోయినసారి ఆశా కార్యకర్త ఇంటిల్లిపాదికీ మాత్రలు మింగించారు. ఆవిడకు ఏమీ కాలేదు గానీ, ఏ జబ్బూ లేని నాకు ఆ రాత్రి జ్వరం, తలనొప్పి వచ్చాయి. బయోటెక్నాలజీ చదువుతున్న మా అబ్బాయి, కొత్త నాళాలను మొలిపించే జన్యు చికిత్స వచ్చిందనీ, నానమ్మకు అది చేయిస్తే కాలు మామూలవుతుందనీ అంటున్నాడు. ఆ ఇంజెక్షన్ విశాఖలో దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, కంచరపాలెం, విశాఖపట్నం

జవాబు: బోదకాలుకు అటువంటి ఇంజెక్షన్ విశాఖలోనే కాదు, ఎక్కడా వాడుకలో లేదు. అలాగని మీ అబ్బాయి చెప్పింది గాలికబురు కాదు. కొత్త రక్తనాళాలు మొలవడానికి శరీరం వాడుకునే ప్రోటీన్లలో వీఈజీఎఫ్ ముఖ్యమైనది. దాన్ని తయారుచేసే జన్యువును ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయంలో చేర్చి, రక్తప్రసరణ తగ్గిన కాలి ధమనిలోకి పంపే ప్రయోగాలను బోస్టన్‌లో జెఫ్రీ ఇస్నర్ బృందం 1994లో మొదలుపెట్టింది. 1996లో వాళ్లు ప్రచురించిన వివరాల ప్రకారం, ఈ చికిత్స పొందిన 71 ఏళ్ల స్త్రీకి కాలిలో కొత్త రక్తనాళాలు కనిపించాయి. పాదం మీదా చీలమండ మీదా సాలీడు కాళ్లు చాపినట్టుండే ఎర్రటి మచ్చలు మూడు లేచాయి. ఆ కాలు వాచింది కూడా. వాపు తగ్గాలని కోరుకుంటున్న మీకు ఈ చివరి ముక్కే ముఖ్యం. వీఈజీఎఫ్ కొత్త నాళాలను మొలిపించడంతో ఆగదు, నాళాల గోడల గుండా నీరు బయటికి ఊరేలా కూడా చేస్తుంది.

పైగా మీ అత్తగారి జబ్బు రక్తనాళాలది కాదు, శోషరస నాళాలది. కణజాలంలో మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే ఈ సన్నని కాలువల్లో ఫైలేరియా పురుగులు కాపురం పెడతాయి. ఆడపురుగు దారప్పోగంత సన్నగా, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవున ఉంటుంది. అవి ఏళ్ల తరబడి ఉండిపోవడంతో నాళాలు సాగి వెడల్పవుతాయి, నీరు వెనక్కి జారకుండా ఆపే కవాటాలు పనిచేయడం మానేస్తాయి. ఈ నాళాలను పెంచే వీఈజీఎఫ్-సీ అనే ప్రోటీన్ జన్యువును ఫిన్లాండ్‌లో రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చేయి వాచిన స్త్రీలలో, శోషరస గ్రంథుల మార్పిడితో పాటు వాడి చూశారు. 2021లో వెలువడిన ఫలితాల్లో, మార్పిడి ఒక్కటే జరిగిన వారితో పోలిస్తే అదనపు మేలు స్పష్టంగా కనబడలేదు. అక్కడ కోసి తీసేసిన చోట నాళాలు కావాలి. బోదకాలులో నాళాలు లేక కాదు, ఉన్నవి చెడి వచ్చిన వాపు. ఘనాలో జరిగిన పరిశోధన ఒకటి 2006లో చూపిన ప్రకారం, ఫైలేరియా రోగుల రక్తంలో వీఈజీఎఫ్-సీ అప్పటికే ఎక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు అదే జన్యువును మళ్లీ కాలిలోకి ఎక్కించడమంటే, పొంగుతున్న గెడ్డలోకి ఇంకో కాలువను తిప్పడమే అవుతుందని నా అభిప్రాయం.

ఇక మాత్రల సంగతి. డీఈసీ, ఆల్బెండజోల్, కొన్నిచోట్ల వాటితో పాటు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ ముఖ్యంగా రక్తంలో తిరిగే పిల్ల పురుగులను, అంటే మైక్రోఫైలేరియాలను తొలగిస్తాయి. తల్లి పురుగులు చాలావరకు బతికే ఉండి మళ్లీ పిల్లలను పెడతాయి కాబట్టే ఏటేటా మింగమంటారు. చెడిన నాళాలను బాగుచేసే శక్తి ఈ మాత్రలకు లేదు. ముదిరిన బోదకాలు ఉన్నవారిలో చాలామంది రక్తంలో పిల్ల పురుగులే ఉండవు. మీ అత్తగారికి ఏమీ కాకపోవడానికి కారణం అదే కావచ్చు. మీకు వచ్చిన జ్వరం మాత్రం, మీ రక్తంలో పిల్ల పురుగులు ఉండి అవి చచ్చినందువల్ల కావచ్చు. మాత్ర పడలేదని మానేయకండి, రక్తపరీక్ష చేయించుకోండి. పగటిపూట ఈ పురుగులు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కుంటాయి కనుక రాత్రి బాగా పొద్దుపోయాక వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలోనే వాటిని చూడగలరు.

అత్తగారికి వచ్చే చలిజ్వరాలకు చాలాసార్లు కారణం పురుగులు కావు. కాలివేళ్ల సందుల్లో ఒరిసిన చోట నుంచి లోపలికి పోయే బ్యాక్టీరియా. రోజుకు రెండుసార్లు మామూలు సబ్బుతో, చల్లని నీటితో కాలిని, ముఖ్యంగా చర్మపు మడతలను, వేళ్ల సందులను మృదువుగా కడిగి, పొడి నూలుగుడ్డతో రుద్దకుండా అద్దాలి. ఒరిసిన చోట వైద్యులు చెప్పిన లేపనం రాయాలి. పడుకున్నప్పుడు కాలి కింద దిండు పెట్టాలి. జ్వరం వచ్చిన రోజున కాపడం పెట్టవద్దు, మర్దన చేయవద్దు, వైద్యులకు చూపించాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే వాపు తగ్గుతుందేమోనని ఘనా, మాలీలతో పాటు భారత్, శ్రీలంకల్లోనూ పరీక్షలు జరిపారు. ఉత్తుత్తి మాత్ర వాడినవారి కంటే ఆ మందు వాడినవారు మెరుగుపడలేదు గానీ, కాలు కడుగుకోవడం నేర్చుకున్న రెండు వర్గాల వారికీ జ్వరాలు తగ్గాయి.

ప్రశ్న: ఒక పరిశోధకుడి పరిచయంలో ‘రక్తనాళాల జన్యు చికిత్స, పరాన్నజీవులపై మందులు’ అని రెండూ కలిపి చదివాను. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరింది?
– ఒక పరిశోధక విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: చూడటానికి దూరంగా ఉన్నా, ఈ రెండు దారులూ నాళపు గోడ దగ్గర కలుస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపించిన లెడర్లీ పరిశోధనశాల నుంచి 1947లో వెలువడిన డీఈసీనే తీసుకోండి. గాజుపాత్రలో మైక్రోఫైలేరియాల మీద ఈ మందు వేస్తే అవి పెద్దగా చలించవు. అదే మందును మనిషి మింగితే కొద్ది గంటల్లోనే రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. రక్తనాళాల లోపలి పొర కణాల్లోనూ పురుగులోనూ అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థపు మార్పులను ఈ మందు అడ్డుకోవడమూ, మన రక్షణకణాలు తోడవడమూ ఇందుకు కారణాలుగా చెబుతారు. అంటే మందు మింగిన మనిషి నాళాలు కూడా ఆ పనిలో చేయి వేస్తున్నాయన్నమాట. పరాన్నజీవి వల్ల ఆఫ్రికాలో వచ్చే నిద్రజబ్బుకు బాయర్ సంస్థ 1916లో తయారుచేసిన సురామిన్‌ది ఇంకో కథ. అది వీఈజీఎఫ్ వంటి వృద్ధికారకాలను కణాల మీద వాటిని అందుకునే గ్రాహకాలకు అతుక్కోనివ్వదు. అందుకే నాళాల పెరుగుదలను చదివేవారు దాన్ని పనిముట్టుగా వాడుకున్నారు. ఈ రంగంలోకి దిగాలనుకుంటే నాళాల లోపలి పొర కణాలను ప్రయోగశాలలో పెంచడం ముందు నేర్చుకోండి. రెండు దారులకూ అది పనికొస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు చుట్ట కాలుస్తారు. కాలి బొటనవేలు నల్లబడింది, రాత్రిళ్లు నొప్పికి నిద్ర లేదు. జన్యు చికిత్స కోసం ఎదురుచూడవచ్చా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: ఎదురుచూడవద్దు. ఇటువంటి కాళ్ల కోసమే 525 మందిపై జరిపిన ఎఫ్‌జీఎఫ్ (ఇదీ నాళాలను పెంచే ప్రోటీనే) జన్యు చికిత్స పరీక్షలో కాలు తొలగించవలసి రావడం గానీ మరణాలు గానీ తగ్గలేదని 2011లో తేలింది. జపాన్ 2019లో షరతులతో అనుమతించిన హెచ్‌జీఎఫ్ (ఇదీ అటువంటి ప్రోటీనే) జన్యు మందుకు పూర్తి అనుమతి కోరుతూ పెట్టిన దరఖాస్తును 2024లో తయారీ సంస్థే వెనక్కి తీసుకుంది. చుట్ట ఈ రోజే మాన్పించి, మీ నాన్నగారిని రేపటిలోగా రక్తనాళాల శస్త్రవైద్యునికి చూపించండి. మూసుకున్న ధమనిని బెలూన్‌తో గానీ బైపాస్‌తో గానీ తెరిచే వీలు ఇంకా ఉండవచ్చు. మీ ఉత్తరంలో ఫోను నంబరు ఉంది కాబట్టి, ఈ సంచిక అచ్చయ్యే దాకా ఆగకుండా కార్యాలయం నుంచి ఈ మాటే మీకు చెప్పించాం.