క్రోమోజోము ఎప్పుడూ ఎక్స్ ఆకారంలోనే ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో క్రోమోజోమును ఎక్స్ ఆకారంలో వేశారు. ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొన స్లైడు చూస్తే అలాంటిది ఒక్కటీ కనిపించలేదట. బొమ్మ తప్పా, స్లైడు తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ తప్పు కాదమ్మా. అయినా ఆ బొమ్మ మీద నాకు పాత కోపమే ఉంది. ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించినవాణ్ణి. పిల్లలు ఆ ఎక్స్ కోసమే వెతికి వెతికి నీరుగారిపోయేవారు.

కణాలు చురుగ్గా విభజన చెందే వేరు కొనలోనూ ఎక్కువ కణాలు అంతర దశలోనే, అంటే రెండు విభజనల నడుమ దశలోనే ఉంటాయి. అప్పుడు క్రోమోజోములు, అంటే డీఎన్ఏ పోగులు, విప్పుకుని కేంద్రకమంతా పరుచుకుంటాయి, విడివిడిగా కనిపించవు. మనిషి కణంలోని 46 క్రోమోజోముల డీఎన్ఏను సాగదీసి కలిపితే దాదాపు 2 మీటర్లు. అంత పొడవును చిక్కుపడకుండా పంచాలంటే కుదించక తప్పదు. డీఎన్ఏ ముందే హిస్టోన్ ప్రోటీన్ల ముద్దలకు చుట్టుకుని ఉంటుంది. విభజన వేళకు కాండెన్సిన్ అనే ప్రోటీను దాన్ని మడతలు మడతలుగా లాగి పొట్టి కడ్డీగా చేస్తుంది.

అప్పటికే ప్రతి క్రోమోజోముకూ నకలు తయారై, ఆ జంటను కొహెసిన్ ప్రోటీను పట్టి ఉంచుతుంది. మధ్యస్థ దశలో జంటలన్నీ కణం నడుమకు చేరతాయి. నాకు ముచ్చటగొలిపేది ఇక్కడి నిదానమే. ఒక్క జంటకు కండె పోగులు (జంటను చెరోవైపుకు లాగే దారాలు) సరిగా తగులుకోకపోయినా మిగతావన్నీ దానికోసం ఆగుతాయి. చివరిదీ తగులుకున్నాక సెపరేజ్ అనే ఎంజైము కొహెసిన్‌ను తెంచుతుంది. జంటలన్నీ ఒక్కసారిగా విడిపోతాయి.

మరి ఆ ఎక్స్ ఎక్కడిది? కాల్చిసిన్ వంటి మందుతో కండె ఏర్పడకుండా చేస్తే కణం మధ్యస్థ దశలోనే నిలిచిపోతుంది. అలా నిలిచిన కొద్దీ జంట భుజాల వెంబడి కొహెసిన్ పట్టు సడలిపోతుంది, నడుములాంటి సెంట్రోమియర్ దగ్గర మాత్రం మిగులుతుంది. అదే ఎక్స్. పుస్తకాలకెక్కింది ఎక్కువగా ఆ రూపమే. కాల్చిసిన్‌తో పాటు కణాన్ని ఉబ్బించే పలుచని ద్రావణాన్నీ వాడి, మనిషికి ఉన్నవి 48 కాదు, 46 అని 1956లో చియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు.

ఈసారి అమ్మాయిని ఎక్స్ కోసం కాకుండా, జంటలు విడిపోయి చెరోవైపుకు జరిగే చలన దశ కోసం వెతకమనండి. మొనలు ధ్రువాల వైపు, అంటే కణం రెండు చివరల వైపు తిప్పుకుని రెండు గుంపులుగా జరిగే వి ఆకారాలు కనిపిస్తాయి. ఉల్లిలో ఒక్కో గుంపుకు 16. లెక్కపెట్టడానికి ఓపిక కావాలి. కవర్‌స్లిప్‌ను సరిగా నొక్కకపోతే ఒకదాని మీద ఒకటి పడి ఆ లెక్కా తేలదు.