ఆ పాత కిటికీలు పీకించకు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మీరు కొన్న ఇంటి ఫోటోలు, కిటికీల కంపెనీ వాళ్ళిచ్చిన కొటేషన్ చూశాను. చెక్క కిటికీలన్నీ తీసేసి వినైల్‌వి, అంటే ప్లాస్టిక్ చట్రాలవి, పెడతామంటున్నారు. ఒప్పుకోవద్దమ్మా. ఈ ఊళ్ళో పాత ఇళ్ళ పనిలోనే నా సర్వీసంతా గడిచింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీదిలా విక్టోరియా రాణి కాలపు శైలిలో కట్టిన విక్టోరియన్ ఇల్లనగానే అందరి కళ్ళూ నగిషీల మీదకే పోతాయి. నిజానికి వాటిలో చాలావరకు ఆ రోజుల్లో మిల్లుల్లో మిషన్ మీద కోసి అమ్మినవే. అసలు విలువ ఆ చెక్కది. ఉత్తర కాలిఫోర్నియా తీరపు అడవుల్లో వందల ఏళ్ళు పెరిగిన రెడ్‌వుడ్ చెట్లు కొట్టి, ఓడల్లో తెచ్చి ఈ ఊరు కట్టారు. నిదానంగా పెరిగిన చెట్టు కాబట్టి వలయాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చెదలు, కుళ్ళు అంత తేలిగ్గా పట్టవు. ఆ పాత అడవిలో ఇప్పుడు మిగిలింది దాదాపు 5 శాతమే. అలాంటి చెక్క మళ్ళీ కావాలంటే పడగొట్టిన ఇళ్ళలోంచి ఏరుకోవాల్సిందే. మన గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు విప్పి, టేకు దూలాలు పాత కలప వ్యాపారులకు అమ్మేసుకున్నట్టు నువ్వు చేయకూడదని నా బాధ.

కిటికీ బిగుసుకుపోయిందన్నావు. అది చెక్క తప్పు కాదు, పొరలు పొరలుగా వేసిన పెయింట్ వల్ల. పక్కన ఉండే సన్నబద్ద ఊడదీస్తే రెక్క బయటికొస్తుంది. గోడలో చిన్న అర ఉంటుంది, అందులో నూలు తాడుకు ఇనుప బరువు వేలాడుతుంటుంది. తాడు తెగితే కొత్త తాడు కట్టాలి, అంతే. అద్దం చుట్టూ పుట్టీ మార్చి, సందుల్లో గాలి రాకుండా పట్టీ వేయిస్తే చలి చాలావరకు ఆగుతుంది. రెండు పొరల వినైల్ కిటికీకి సీలు పోయిందంటే అద్దాల మధ్య ఆవిరి పడుతుంది, దాన్ని బాగుచేసేదేం లేదు, మార్చడమే. పైగా వీధి వైపు కిటికీలు మార్చాలంటే సిటీ పర్మిట్ కావాలి.

కింది అంతస్తుకి బయట ఎవరో స్టకో, అంటే సిమెంటు పూత, పూశారు కదా. ఒక మూల కొంచెం విప్పించి చూడు. కింద పాత చెక్క ఉంటే, తీసేసిన నగిషీల అచ్చులు దాని మీద కనిపిస్తాయి. రంగు పడని చోట చెక్క వేరే ఛాయలో ఉంటుంది. మళ్ళీ చేయించాలంటే ఆ అచ్చే కొలత.

ఇల్లు ఏ సంవత్సరానిదో తేల్చుకో. 1906 భూకంపం తర్వాత మంటల్లో సిటీ పర్మిట్ రికార్డులు చాలావరకు కాలిపోయాయి కాబట్టి, పాత నీటి కనెక్షన్ రికార్డులు, బీమా కంపెనీల కోసం ఇంటింటినీ గీసిన పాత శాన్‌బోర్న్ మ్యాపులు వెతకాలి. ఆ మంటలు చాలావరకు వాన్ నెస్ అవెన్యూ దగ్గర ఆగాయి, దానికి పడమరనున్న ఇళ్ళు దక్కాయి. అక్కడే ఫ్రాంక్లిన్ వీధిలో 1886 నాటి హాస్-లిలియంతాల్ ఇల్లుంది, లోపలికెళ్ళి చూడొచ్చు. పని మొదలుపెట్టే ముందు మీ ఇద్దరూ వెళ్ళి చూసి రండి.

పాతదంతా ఉంచమని నేననను. పింగాణీ గుబ్బల మీద పోయే పాత వైరింగ్ ఉంటే మార్పించు. ఇటుక పునాది ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించు, ఈ ఊళ్ళో భూకంపం సంగతి తెలుసుగా. 1978కి ముందు పెయింట్‌లో సీసం ఉండొచ్చు; చంటిదాన్ని పెట్టుకుని ఎవర్నీ పొడిగా గీకనివ్వకు. ముందు టెస్ట్ చేయించు.

డబ్బు టెన్షన్ ఉంటుంది, తెలుసు. 1972లో వచ్చిన మిల్స్ చట్టం గురించి సిటీ ప్లానింగ్ వాళ్ళని అడుగు. ఇంటికి చారిత్రక గుర్తింపు ఉంటే, కనీసం 10 ఏళ్ళు కాపాడతామని ఒప్పందం రాసుకున్నవాళ్ళకి ఆస్తిపన్ను తగ్గే వీలుంది. దరఖాస్తు పని కాస్త ఎక్కువే, అయినా వదలకు.

కంపెనీ వాళ్ళకి అడ్వాన్స్ ఇవ్వకు. కిటికీ గడపల కింది భాగం, మూలలు దగ్గరగా ఫోటో తీసి పంపు. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూసి, ఎక్కడ మెత్తగా దిగుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టు. వాటికి మాత్రం అతుకు వేయిద్దాం.

మీ పెదనాన్న