ఏజెన్సీ గూడేల్లో తల్లీబిడ్డల ఆరోగ్యం బాగుపడాలంటే ముందు ఏం చేయాలి?

నన్నడిగితే ముందు రక్తహీనత సంగతి చూడాలి. ములుగు, ఉట్నూరు వైపు గోండు, కోయ గూడేల్లో గర్భిణులకు ఐరన్ మాత్రలు అందుతాయి. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు వేసుకోవాలి. కానీ కడుపులో తిప్పుతోందని చాలామంది మధ్యలోనే మానేస్తారు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. టీతో మాత్రం వద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. ఈ ముక్క గోండిలోనో కోయలోనో చెప్పే ఆశా కార్యకర్త ఉంటే సగం పని అయినట్టే.

అంగన్‌వాడీలో తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. అక్కడే కూర్చుని తినడం మేలు, ఇంటికి తెస్తే అందరూ పంచుకుంటారు (తల్లి మనసు కదా!).

వానాకాలంలో వాగు పొంగితే గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్లే 102 బండి కూడా రాలేకపోతుంది. నెలలు నిండకముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేరాలి. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి, వాటిని పిండేసి పారబోయొద్దు.